నేర్చుకొను గురువు

పాఠశాలలోనికి క్రొత్త పరికరము వచ్చినప్పుడెల్ల రెండు మాటలు వినబడుచుండును. ఇక ఉపాధ్యాయునితో పనియేమని కొందరందురు. ఈ యంత్రమువలన చదువు చెడునని మరికొందరందురు. రెండును తొందరపాటు మాటలే. పరికరము తనంతట తాను చదువు చెప్పదు, చెరుపదు. దానిని చేతబట్టిన ఉపాధ్యాయుడు ఇంకను నేర్చుకొనుచున్నాడా, నేర్చుట మానివేసెనా అన్నదే అసలు ప్రశ్న.

ఇందులకు తెలుగునాట ఒక పాత నిదర్శనము కలదు. 1975 ఆగస్టు 1వ తేదీన మన దేశములో ఉపగ్రహము ద్వారా టెలివిజన్ బోధన ప్రయోగాత్మకముగా ఆరంభమైనది. అమెరికావారు ఎరువిచ్చిన ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహము ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములను చేరవేసెను. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో నొకటి. తీగల వలతో చేసిన, పదియడుగుల వెడల్పుగల గొడుగువంటి ఆంటెనా ఆకాశమునుండి పాఠమును పట్టుకొనెడిది. ఉదయమున పిల్లలకు, సాయంకాలమున పెద్దలకు తెలుగులో కార్యక్రమములు వచ్చెడివి. ఏనాడును పట్టణము చూడని వృద్ధులు సైతము ఆ పెట్టె ముందు కూర్చుండిరి.

అయినను ఆ ప్రయోగములో మిక్కిలి గమనింపదగినది వేరొకటి. ఆ యేడాదిలోనే వేలకొలది ప్రాథమికోపాధ్యాయులు సైన్సు బోధించు పద్ధతిని నేర్చుకొనుటకై విద్యార్థులవలె తెర ముందు కూర్చుండిరి. తెరపై చూచుట, రేడియో వినుట, అచ్చుపుస్తకము చదువుట, చేతికందిన వస్తువులతో ప్రయోగము చేయుట, ఇవన్నియు ఆ శిక్షణలో కలిసియుండెను. 1976 జూలై 31తో ప్రయోగము ముగిసినది, ఉపగ్రహము తరలిపోయినది. ఉపాధ్యాయులు నేర్చినది మాత్రము వారివద్దనే నిలిచినది.

తరువాత 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోటనుండి ఎడ్యుశాట్ ఎగిసినది. 2017లో దీక్ష అను జాతీయ వేదిక వెలసి, పాఠ్యపుస్తకములలో క్యూఆర్ కోడులు కనబడసాగెను. నేడు అనేక పాఠశాలలలో గోడకు పెద్ద తెరలే యున్నవి.

ఈ తెర దేనికి పనికివచ్చును? గుండెలోని కవాటములు తెరచుకొనుట, మూసుకొనుట, రక్తము ఒక గదినుండి మరియొక గదికి పోవుట సుద్దముక్కతో చూపుట కష్టము. కదలు బొమ్మ దానిని నిమిషములో చూపును. కాని పెసరగింజ మొలకెత్తుటను తెరపై చూపుటకంటె, తడిబట్టలో నాలుగు గింజలు కట్టి మరునాడు పిల్లలచేత విప్పించుట మేలు. మొలకను వ్రేలితో తాకిన బాలునికి తెర చూపలేని దేదో తెలియును. ఎక్కడ తెర, ఎక్కడ తడిబట్ట అన్న వివేకము ఏ యంత్రముతోను రాదు. పాఠమును మరల మరల తాను చదువుకొను ఉపాధ్యాయునికే వచ్చును.

ఇందొక చిక్కు కలదు. ఫోనులోని మెలకువలు గురువుకంటె ఎనిమిదవ తరగతి పిల్లవానికే ఎక్కువ తెలిసియుండవచ్చును. వానిని అడుగుటకు కొందరు ఉపాధ్యాయులు సంకోచింతురు, గౌరవము తగ్గునని భయపడుదురు. కాని అడిగి నేర్చుకొనుట యెట్లో పిల్లలకు చూపుటకు అంతకంటె మంచి పాఠము లేదు. ఆ పిల్లవాడు తెరను వెలిగింపగలడు. తెరపై వచ్చినది నిజమా కాదా యని ప్రశ్నించుట మాత్రము గురువువద్దనే నేర్వవలెను. యంత్రములే వ్యాసములు వ్రాసి, తప్పునుగూడ ధీమాగా చెప్పుచున్న ఈ దినములలో ఆ విద్య మరింత అవసరము.

2020లో కరోనా వలన బడులు మూతపడినప్పుడు ఈ సంగతులన్నియు ఒక్కసారిగా పరీక్షకు వచ్చెను. తెలంగాణములో సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా పాఠములు ప్రసారమయ్యెను. ఏనాడును కెమెరా ముందు నిలువని ఉపాధ్యాయులు కొలది దినములలోనే ఆ పని నేర్చుకొనిరి. కాని ఇంటికొక ఫోనే యుండి, అది తండ్రితో పనికి పోయిన చోట పిల్లల చదువు ఆగెను. ఎంత నేర్చిన ఉపాధ్యాయుడైనను ఆ లోటును ఒంటరిగా పూడ్చలేడు.

ఉపాధ్యాయుడు ఏటా కనీసము 50 గంటలు తన వృత్తివికాసమునకు వినియోగింపవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము చెప్పుచున్నది. లెక్క మంచిదే. కాని గంటలు పూర్తిచేసి ధ్రువపత్రము పొందుట వేరు, నేర్చుట వేరు. జనాభా లెక్కలు, ఎన్నికల విధులు, నివేదికలు ఉపాధ్యాయుని దినములను తినివేయుచుండగా ఆ 50 గంటలు ఎక్కడనుండి వచ్చును? వాటిలో వేనిని తగ్గించి ఆ కాలమును సమకూర్చవలెనో ప్రభుత్వములే నిర్ణయింపవలసియున్నది.