హెల్మెట్ తలకి, మరి చెవికి?

మా ఇంటికి కొత్తగా వచ్చే కోడళ్ళు మొదటి వారంలో అనుకునేది ఒకటే: ఈ ఇంట్లో అందరూ పోట్లాడుకుంటా ఉన్నారని. అదేం కాదు, మేము మాట్లాడేదే అంత గట్టిగా. హిందూపురం వైపు చుట్టాలు అది కర్ణాటక తెలుగు యాస అనుకుంటారు. కన్నడం వాళ్ళు తెలుగువాళ్ళ స్వభావమే అంత అనుకుంటారు. రెండూ కాదు, అది పవర్‌లూమ్. దొడ్డబళ్ళాపురంలో మా షెడ్డు ఇంటి గోడని ఆనుకునే ఉండేది. నాలుగు మగ్గాలు ఒక్కసారి తిరిగితే, నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడులో పక్కనున్న మనిషికి మాట వినిపించాలంటే అరవాల్సిందే. నాడెని మేము కన్నడం కలిసి లాళి అనే అంటాము, అది వేరే సంగతి. ముప్పై ఏళ్ళు అట్లా అరిచినవాళ్ళకి మగ్గం ఆగినాక కూడా గొంతు తగ్గదు. తగ్గించాలంటే ముందు వాళ్ళ గొంతు వాళ్ళకి సరిగ్గా వినపడాల కదా.

ఇన్నాళ్ళూ ఇక్కడ వలసల గురించి, ఇంటిపేర్ల గురించి, పాత చీరల గురించి రాసినాము. ఈసారి చెవి గురించి, అందులోనూ బండి తోలేవాళ్ళ చెవి గురించి రాస్తా ఉన్నామంటే కొందరికి నవ్వొస్తుంది. కానీ కన్నడ మీడియంలో చదివిన మా తరానికి తెలుగు వచ్చిందే చెవిలోంచి. బడిలో అక్షరం లేదు, బజారులో బోర్డు లేదు. అవ్వ పిలిస్తే, పెదనాయన తిడితే, అత్త సాగదీసి ముచ్చట చెబితే విన్నాము, అంతే. లిపి ఆ తరవాత పట్టుబట్టి నేర్చినాము. కన్నడ లిపికి దాయాది లాంటిదే కాబట్టి పెద్ద కష్టం కాలేదు. చెవి పోతే తెలుగు కూడా ఎట్లా పోతుందో మాత్రం మా షెడ్డే చూపించింది.

చప్పుడు వల్ల వచ్చే చెవుడు ఒక్కసారిగా రాదు. ముందు సన్నని శబ్దాలని, 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండేవాటిని తినేస్తుంది. తలుపు దబ్బుమంటే వినిపిస్తుంది, లారీ వినిపిస్తుంది. మనిషి మాట్లాడుతున్నాడని కూడా తెలుస్తుంది, ఏమన్నాడో తెలియదు. స, శ, త, క, ఫ లాంటివి మసకబారి అచ్చుల మూలుగు మాత్రం మిగులుతుంది. ఆడవాళ్ళ గొంతు, పసిపిల్లల గొంతు ముందు జారిపోతాయి. మా ఇంట్లో పెద్దవాళ్ళు మనవళ్ళతో తెలుగు తగ్గించింది ప్రేమ తగ్గి కాదు. బిడ్డ సగం కన్నడం కలిపి మెల్లిగా ఏదో అంటాడు. తాత "ఏమిరా?" అంటాడు. బిడ్డ మళ్ళీ చెబుతాడు, తాత మళ్ళీ "ఏమి?" అంటాడు. మూడోసారికి బిడ్డ "ఏం లేదులే తాతా" అని పోతాడు. ఆ "ఏం లేదులే" దగ్గర మా ఇంట్లో ఎన్ని మాటలు ఆగిపోయినాయో లెక్క లేదు.

మన దేశంలో ఫ్యాక్టరీలకి 8 గంటల పనికి 90 డెసిబెల్స్ అని ఒక హద్దు ఉంది. ఇంటి వెనక నాలుగు మగ్గాల షెడ్డుకి వచ్చి ఎవరు కొలిచినారు? కొందరు దూది కుక్కుకునేవాళ్ళు. దూదితో తగ్గేది చాలా తక్కువ. వాళ్ళకి చెప్పినవాళ్ళు లేరు, చెప్పినా కావలసిన వస్తువు దొరికేది కాదు. మగ్గాలు అమ్మేసి బెంగళూరులో కంప్యూటర్ ముందు కూర్చున్న మాకు ఆ సాకు లేదు. అయినా అదే పని చేస్తా ఉన్నాము, ఈసారి మన డబ్బుతో బండి కొనుక్కుని మరీ.

బండి చప్పుడంటే అందరూ సైలెన్సరే అనుకుంటారు. హైవే మీద చెవిని కొట్టేది సైలెన్సర్ కాదు, గాలి. గంటకి 65 కిలోమీటర్లు దాటేసరికి హెల్మెట్ చుట్టూ సుడి తిరిగే గాలి చప్పుడు ఇంజిన్ చప్పుడుని మించిపోతుంది. 100 దగ్గర హెల్మెట్ లోపల చెవి దగ్గర 95 డెసిబెల్స్, అంతకు పైన కూడా ఉంటుంది. బండి ముందరి అద్దాన్ని బట్టి, హెల్మెట్‌ని బట్టి కొంత అటూ ఇటూ. మంచి హెల్మెట్ పెట్టుకున్నాము కదా అంటారు. హెల్మెట్ సన్నని శబ్దాలని కొంత ఆపుతుంది, గాలి చేసే బొంగురు హోరుని మాత్రం పెద్దగా ఆపదు. ఐఎస్ఐ ముద్ర తల పగలకుండా చూసేదే కానీ చెవికి హామీ కాదు.

ఇప్పుడు లెక్క చూడండి. అమెరికాలో పనివాళ్ళ ఆరోగ్యం చూసే నియోష్ అనే సంస్థ పెట్టిన హద్దు 85 డెసిబెల్స్‌కి 8 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగితే సమయం సగం అవుతుంది. 94 దగ్గర ఒక గంట, 97 దగ్గర అరగంట, 100 దగ్గర పావుగంట. బెంగళూరు నుంచి చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, పెనుకొండ మీదుగా అనంతపురం రెండు వందల కిలోమీటర్ల పైన. పెళ్ళికని పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చే మా పిల్లలు ఒక్క ఆదివారంలో ఎన్ని రోజుల కోటా వాడేస్తున్నారో మీరే వేసుకోండి. ఇంటికొచ్చినాక చెవిలో గుయ్యిమంటా ఉంటే "పొద్దున్నికి పోతుందిలే" అంటారు. పోతుంది, నిజమే. కానీ చెవి లోపలి నత్తగుల్ల లాంటి భాగంలో ఉండే సన్న వెంట్రుకల్లాంటి కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్ళీ మొలవవు.

కాబట్టి మా అభిప్రాయం ఇది. హైవే మీద తరచుగా బండి తోలేవాళ్ళు హెల్మెట్ కొన్నట్టే చెవికి ప్లగ్ కూడా కొనాల. వీలైతే తమ చెవికి అచ్చు తీయించి చేయించుకున్నది కొనాల.

అచ్చు తీయడం పెద్ద తతంగమేమీ కాదు. వినికిడి యంత్రాలు పెట్టించుకున్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే మీరు చూసే ఉంటారు, అదే పద్ధతి. ఆడియాలజిస్టు ముందు లైటు వేసి చెవి లోపల చూస్తారు. గులిమి నిండి ఉంటే, చీము కారుతా ఉంటే, కర్ణభేరికి చిల్లు ఉంటే ఆ రోజు అచ్చు తీయరు, తీయకూడదు. బాగుంటే దారం కట్టిన చిన్న స్పాంజి ముక్కని లోపలికి పెడతారు, పదార్థం కర్ణభేరి దాకా పోకుండా. తరవాత రెండు రకాల సిలికాన్ ముద్దలు కలిపి సిరంజితో చెవిలో నింపుతారు. చల్లగా, గొంతుదాకా చెవి మూసుకుపోయినట్టు ఉంటుంది. ఐదారు నిమిషాల్లో గట్టిపడుతుంది, మెల్లిగా తిప్పి లాగేస్తారు. ఆ అచ్చుని బట్టి ల్యాబులో మెత్తని సిలికాన్‌తో ప్లగ్ పోస్తారు. కొన్ని రోజుల తరవాత చేతికొస్తుంది. ఎడమ చెవిది కుడి చెవికి పట్టదు. మన రెండు చెవులూ ఒకటి కావని అప్పుడే తెలుస్తుంది.

స్పాంజి ప్లగ్గులు మందుల షాపులో కొద్ది రూపాయలకే దొరుకుతాయి కదా, కొన్ని వేలు ఎందుకు పోయాల అని అడిగేవాళ్ళకి జవాబు చెప్పాల. మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. పెట్టె మీద రాసింది నమ్మకపోవడానికే మాకు జీతమిస్తారు. స్పాంజి ప్లగ్ పెట్టె మీద కొన్నిటికి 33 డెసిబెల్స్ దాకా రాసి ఉంటుంది, అచ్చు ప్లగ్గుల మీద చాలాసార్లు అంతకంటే తక్కువే ఉంటుంది. అంకె చూస్తే స్పాంజే గెలుస్తుంది. కానీ ఆ అంకె ల్యాబులో తెలిసినవాళ్ళు పద్ధతిగా పెడితే వచ్చింది. సన్నగా నలిపి, చెవిని రెండో చేత్తో పైకి వెనక్కి లాగి, లోపలికి పెట్టి, ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాల. పెట్రోలు బంకు దగ్గర, చేతికి గ్రీజు, వెనకాల హారన్లు, అప్పుడు ఎవరు పెడతారు అట్లా? సగం లోపల, సగం బయట పెట్టి హెల్మెట్ దూర్చేస్తారు, హెల్మెట్ లోపలి మెత్త దాన్ని ఇంకొంచెం లాగేస్తుంది. అచ్చు ప్లగ్ గొప్ప ఏమిటంటే పదిసార్లు పెడితే పదిసార్లూ ఒకే తీరుగా కూర్చుంటుంది. మా టెస్టింగ్ భాషలో చెప్పాలంటే, ఒక్కసారి బాగా పనిచేసేదానికంటే ప్రతిసారీ ఒకే రకంగా పనిచేసేదే మేలు. అందాకా స్పాంజి పెట్టుకునేవాళ్ళని మేము వద్దనము. సరిగ్గా పెట్టిన స్పాంజి చాలా మంచిది. ఏమీ పెట్టుకోనివాళ్ళతోనే మా పేచీ.

డబ్బు మాటకొస్తే, చప్పుడు పెంచే సైలెన్సర్‌కి వేలు పోసే తమ్ముళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. వాళ్ళ దగ్గర డబ్బు లేదంటే మేము నమ్మము.

ఇంట్లో పెద్దవాళ్ళు అడ్డం చెప్పేది వేరే. "చెవులు మూసుకుని రోడ్డెక్కితే హారన్ ఎట్లా వినపడుతుందిరా?" మంచి ప్రశ్నే. ప్లగ్ హారన్‌నీ గాలినీ రెండిటినీ తగ్గిస్తుంది, ఒక్క హారన్‌ని కాదు. వినికిడి బాగున్న మనిషికి అంత హోరులో ప్లగ్ వల్ల హారన్ తప్పిపోయేదేమీ ఉండదు. హోరు దించితే చెవికి తెరపి దొరికి హారన్, అంబులెన్స్ సైరన్ ఇంకా తేటగా తెలుస్తాయి కూడా. అలసట తగ్గుతుందనేది మా అనుభవం. మొదట్లో మన ఊపిరీ మన గొంతూ కుండలో మూతి పెట్టి మాట్లాడినట్టు వినిపిస్తాయి, రెండు మూడు ప్రయాణాలకి అలవాటు అయిపోతుంది. కానీ ఈ వాదన హైవేకే. యశవంతపురం సిగ్నల్ దగ్గర ఇరవై కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు గాలి హోరే లేదు, ప్లగ్గుతో పని లేదు, తీసి డబ్బాలో పెట్టుకోండి. ఇప్పటికే వినికిడి తగ్గినవాళ్ళకి కూడా పై మాట వర్తించదు. వాళ్ళు ఆడియాలజిస్టుని అడక్కుండా ఏదీ పెట్టుకోకూడదు.

ఇంక ఇయర్‌ఫోన్ల సంగతి. అచ్చు తీసిన ప్లగ్గులోనే చిన్న స్పీకర్ పెట్టి అమ్ముతారు, బండివాళ్ళ కోసమనే. అందులో ఒక మేలు ఉంది, ఒప్పుకోవాల. మామూలు ఇయర్‌ఫోన్‌తో 95 డెసిబెల్స్ గాలి మీద పాట వినిపించాలంటే పాటని ఆ పైకి లేపాల. అంటే చెవికి రెండు దెబ్బలు. అచ్చు బిగుతుగా ఉంటే గాలి తగ్గుతుంది కాబట్టి చిన్న గొంతుతో దారి చెప్పినా వినిపిస్తుంది. దారి చెప్పే గొంతు వరకు మాకు అభ్యంతరం లేదు. పాట, ఆఫీసు కాల్ మాత్రం వద్దు. బెంగళూరులో హెల్మెట్ లోపలికి ఫోన్ దూర్చి మీటింగులో మాట్లాడే వాళ్ళని రోజూ చూస్తా ఉన్నాము. చేత్తో ఫోన్ పట్టుకుంటే మోటారు వాహనాల చట్టం 184 సెక్షన్ ఉంది. చెవిలో పెట్టుకున్నదాన్ని చూసినా పోలీసులు ఆపుతారు. ప్లగ్ పెట్టుకున్నవాళ్ళని ఆపితే తీసి చూపించండి, అందులో వైరూ లేదు పాటా లేదు.

చెప్పుకోవడానికి కష్టమైన భాగం ఒకటి ఉంది. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పొద్దుటినుంచి రాత్రిదాకా అన్నం పొట్లాలు మోసే పిల్లల్లో మన తెలుగు పిల్లలూ ఉన్నారు, రాయదుర్గం నుంచి, మడకశిర నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళకి ఫోన్ చెప్పే దారి కూలికి సంబంధించింది, తీసేయమనడం మా నోటికి రాదు. వేల రూపాయల అచ్చు వాళ్ళు కొనలేరు. ఆర్డర్లు ఇచ్చే కంపెనీలే హెల్మెట్‌తో పాటు అది కూడా ఇవ్వాల. రెయిన్‌కోటు మీద తమ పేరు పెద్దగా వేయించుకునేవాళ్ళకి చెవి ప్లగ్గు మీద పేరు వేసే చోటు లేకపోవడమే ఇబ్బందేమో.

చేయించుకోవాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. ముందు వినికిడి పరీక్ష చేయించుకుని ఆ కాగితం దాచండి. ఐదేళ్ళ తరవాత పోల్చుకోవడానికి అదే ఆధారం. మైసూరు మానసగంగోత్రిలో 1965 నుంచి ఉన్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, అందరూ ఐష్ అంటారు, ఈ పరీక్షలకి మాకు తెలిసినంతలో నమ్మకమైన చోటు. మీ ఊళ్ళో వినికిడి యంత్రాల క్లినిక్కులు ఉంటే అక్కడా అడగొచ్చు, అచ్చు తీసేది వాళ్ళే. జలుబు, చెవి పోటు ఉన్న రోజు పోవద్దు. ఒళ్ళు బాగా పెరిగినా తగ్గినా చెవి కొలత మారుతుంది, పాత ప్లగ్ వదులవుతుంది. సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టండి, స్పిరిట్ వద్దు. తీసేటప్పుడు మెల్లిగా తిప్పుతా తీయండి, ఒక్క ఊపున పీకితే చెవి లోపల గుంజుతుంది. అచ్చు ఇచ్చే రోజు మీ హెల్మెట్ కూడా సంచిలో వేసుకుని పోండి. బండికే కావాలని, బయటికి పొడుచుకు రాకూడదని వాళ్ళకి చూపించి చెప్పండి. ప్లగ్ వచ్చినాక అక్కడే పెట్టుకుని, హెల్మెట్ వేసుకుని, నోరు తెరిచి మూసి, మెడ అటూ ఇటూ తిప్పి చూడండి. కదిలితే తీసుకోవద్దు, మళ్ళీ చేసివ్వమనండి.