సూడాన్‌లో కాల్పుల విరమణ ఎందుకు కుదరడం లేదు?

సూడాన్‌లోని హెగ్లిగ్ చమురు క్షేత్రం 2025 డిసెంబరు 8న పారామిలిటరీ దళమైన ఆర్‌ఎస్‌ఎఫ్ వశమైంది. కొద్ది రోజులకే, క్షేత్ర రక్షణను తమ దళాలు చేపట్టేందుకు సూడాన్ సైన్యం, ఆర్‌ఎస్‌ఎఫ్ రెండూ సమ్మతించాయని పొరుగుదేశమైన దక్షిణ సూడాన్ ప్రకటించింది. దక్షిణ సూడాన్ చమురులో కొంత భాగం ఈ క్షేత్రం మీదుగా గొట్టపు మార్గాన పోర్ట్ సూడాన్ ఓడరేవుకు చేరుతుంది. అది ఆగితే అందరికీ నష్టమే. (2003లో మన ఓఎన్‌జీసీ విదేశ్ సంస్థ 25 శాతం వాటా కొన్న గ్రేటర్ నైల్ ప్రాజెక్టు ప్రాంతం ఇదే.) చమురు విషయంలో రోజుల్లో కుదిరిన అవగాహన, జనం ప్రాణాల విషయంలో రెండున్నరేళ్లుగా కుదరలేదు.

జనరల్ అబ్దెల్ ఫతా అల్ బుర్హాన్ నాయకత్వంలోని సైన్యానికీ, హెమెద్తీగా పేరుపడిన మొహమ్మద్ హమ్దాన్ దగాలో దళానికీ మధ్య 2023 ఏప్రిల్ 15న యుద్ధం మొదలైంది. అప్పుడు ‘ఆపరేషన్ కావేరి’ ద్వారా భారత్ 3,800 మందికి పైగా స్వదేశీయులను వెనక్కి తీసుకువచ్చింది. వారిలో తెలుగు రాష్ట్రాలవారూ ఉన్నారు. స్థానికులకు ఆ అవకాశం లేకపోయింది. కోటి 20 లక్షల మందికి పైగా ఇళ్లు విడిచి చెల్లాచెదురయ్యారు.

మధ్యవర్తులు లేక ఈ యుద్ధం సాగుతోందనుకుంటే పొరపాటు. అమెరికా, సౌదీ అరేబియాల చొరవతో 2023 మే 20న జెడ్డాలో ఏడు రోజుల కాల్పుల విరమణపై ఇరుపక్షాలూ సంతకం చేశాయి. పర్యవేక్షణకు కమిటీ కూడా ఏర్పడింది. అయితే ఖార్టూమ్ వీధుల్లో ఉల్లంఘనను ఆపగల బలగమేదీ దానికి లేదు. ఆస్పత్రులను, పౌరుల ఇళ్లను ఆర్‌ఎస్‌ఎఫ్ ఖాళీ చేయడం లేదంటూ మే 31న సైన్యం చర్చల నుంచి తప్పుకుంది. 2024 ఆగస్టులో జెనీవాలో చర్చలు ఏర్పాటు చేస్తే సైన్యం హాజరే కాలేదు. చాద్ సరిహద్దున అద్రే మార్గం సహాయ సామగ్రికి తెరుచుకోవడం ఒక్కటే ఆనాటి చెప్పుకోదగ్గ ఫలితం.

ఎవరు ఎప్పుడు సంధికి ఒప్పుకున్నారో గమనిస్తే అసలు సంగతి బోధపడుతుంది. 2025 మార్చిలో అధ్యక్ష భవనాన్నీ, రాజధానినీ తిరిగి చేజిక్కించుకున్న సైన్యానికి రాజీ అవసరం కనిపించలేదు. అదే ఏడాది అక్టోబరు 26న, 500 రోజులకు పైబడిన ముట్టడి అనంతరం డార్ఫుర్‌లోని ఎల్ ఫాషర్ నగరాన్ని ఆర్‌ఎస్‌ఎఫ్ ఆక్రమించింది. ఆ నగరంలోని ప్రసూతి ఆస్పత్రిలో 460 మందికి పైగా హతమైనట్లు సమాచారం అందిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపింది. ఇది జరిగిన పదకొండు రోజులకు, నవంబరు 6న, మానవతా విరామానికి తాము సిద్ధమని ఆర్‌ఎస్‌ఎఫ్ ప్రకటించింది. కావలసిన నగరం దక్కాక చూపిన సుముఖత అది. నవంబరు 24న అదే దళం ఏకపక్షంగా మూడు నెలల విరామం ప్రకటించి, వారం తిరగకముందే పశ్చిమ కోర్దొఫాన్‌లోని బాబనూసాను ఆక్రమించామని చాటుకుంది.

ఆ విరామ ప్రతిపాదన అమెరికా, సౌదీ అరేబియా, ఈజిప్టు, యూఏఈలతో కూడిన ‘క్వాడ్’ సెప్టెంబరు 12న ముందుకు తెచ్చినది. భారత్ సభ్యదేశంగా ఉన్న క్వాడ్ వేరు, ఇది వేరు. మూడు నెలల విరామం, ఆపై శాశ్వత కాల్పుల విరమణ, తొమ్మిది నెలల్లో పౌర పాలనకు బాట: కాగితంపై ప్రణాళిక సహేతుకమే. చిక్కు దాని కర్తలతోనే వస్తోంది. ఆర్‌ఎస్‌ఎఫ్‌కు యూఏఈ ఆయుధాలు అందిస్తోందన్న ఆరోపణలు నమ్మదగినవేనని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం పేర్కొంది. యూఏఈ వాటిని ఖండిస్తోంది. ఈజిప్టు సైన్యం పక్షాన ఉందన్నది బహిరంగ విషయమే. ఇటువంటి బృందం తటస్థంగా ఉండలేదన్న బుర్హాన్ వాదనలో పస లేకపోలేదు. కానీ తన పక్షం కొమ్ము కాసే కైరో విషయంలో ఆయనకు అదే అభ్యంతరం లేదు. సైన్యాన్ని రద్దుచేసి ప్రత్యర్థిని యథాతథంగా ఉంచే ప్రతిపాదన అంటూ ఆయన నవంబరులో దాన్ని తోసిపుచ్చారు.

భద్రతా మండలి పాత్ర మరింత నిరాశాజనకం. ఎల్ ఫాషర్ ముట్టడి ఎత్తివేయాలని 2024 జూన్ 13న 2736వ తీర్మానం ఆదేశించింది. ఆ నగరం పదహారు నెలల తర్వాత కూలింది. అదే ఏడాది నవంబరులో పౌర రక్షణ, కాల్పుల నిలుపుదల కోరుతూ బ్రిటన్, సియెర్రా లియోన్ తెచ్చిన ముసాయిదాను రష్యా వీటోతో అడ్డుకుంది. 2005 నాటి ఆయుధ నిషేధం నేటికీ డార్ఫుర్‌కే పరిమితం. దేశంలో మరెక్కడికి ఆయుధాలు చేరినా ఆ నిషేధానికి భంగం కాదు. ఆ పరిధిని దేశమంతటికీ విస్తరించడం, సరఫరాదారులపై ఆంక్షలు విధించడం మండలి చేతిలోని పనులే. వాటి జోలికి వెళ్లకుండా పోరాడుతున్న ఇద్దరు సేనానులను మాత్రమే మందలించడంలో ప్రయోజనం కనిపించదు.

సౌదీ యువరాజు కోరిక మేరకు సూడాన్‌పై దృష్టి పెడతానని అమెరికా అధ్యక్షుడు ట్రంప్ నవంబరు 19న ప్రకటించారు. ఆయుధాలు అందిస్తున్నాయన్న ఆరోపణలున్న మిత్రదేశాలపై వాషింగ్టన్ ఏపాటి ఒత్తిడి తెస్తుందన్నదే ఇక చూడవలసింది. ఈలోగా పోరు కోర్దొఫాన్‌కు మళ్లింది. ఆ ప్రాంతంలోని కాదుగ్లీ పట్టణంలో కరవు నెలకొన్నట్లు ఆహార భద్రతా నిపుణులు నవంబరులోనే నిర్ధారించారు.