శైలవర్ణనము – చిత్రరేఖ

హౌరా చెంతనున్న లిలువాలో మేడయెక్కి నలుదిక్కులు చూచినను గుట్ట యొక్కటియు కానరాదు. ఇట్టి సమతలమున పెరిగిన తెలుగు విద్యార్థికి ప్రబంధములలోని శైలవర్ణన మెట్లు బోధింపవలెను?

సమాసములు విడదీయించి, అలంకారములు పేర్కొనజేసి సరిపుచ్చుచున్నాము. ఇది చాలదని నా యభిప్రాయము. మనుచరిత్రలో ప్రవరుడు చూచిన హిమాలయ మొక్కటియే. పాదలేపము కరగక పూర్వ మది యాశ్చర్యము. కరగిన పిదప నదియే భయము. శిల మారలేదు, మనస్సు మారెను.

చిత్రకారుని రేఖ తెలుపునదియు నిదియే. పలుచని గీత దూరమును, ప్రశాంతిని స్ఫురింపజేయును. తెగిన ముతకగీత దారిలేమిని తోపించును. గగనేంద్రనాథ ఠాకూరు (1867–1938) హిమాలయచిత్రములలో శిలలను లెక్కింపలేదు; మంచుమసకలో శిఖరమును సూచించి విడిచెను. హిమాలయముల సంచరించిన వంగచిత్రకారుడు ప్రమోదకుమార చటర్జీ బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో చిత్రకళ బోధించెను. కవియు, నవలారచయితయు, చిత్రకారుడు నైన అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. ఆ తరమున కలసియున్న రెండు విద్యలను మనము వేరు గదులలో బంధించితిమి.

చిత్రము పద్యమునకు వ్యాఖ్యానమగునా యని కొంద రాక్షేపింపవచ్చును. కాదు, అది కంటికి శిక్షణము మాత్రమే. ప్రవరుని ఘట్టము చెప్పుటకు ముందు విద్యార్థిచేత నొకే కొండను రెండుమారులు పెన్సిలుతో గీయింపుడు: ఇంటికి మరలగలనను ధీమాతో నొకమారు, దారితప్పిన దిగులుతో నొకమారు. గీత వంకరయైనను దోషములేదు. పిమ్మట పద్యము చదివించినచో, కొండ నెన్నడు నెరుగనివానికిని పెద్దన హృదయము తెలియును.