నదికీ ఉంది ‘మూడు నెలల షుగర్’ పరీక్ష

ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉంటే ఈ సంగతి మీకు తెలిసే ఉంటుంది. పరీక్షకు రెండు రోజుల ముందు స్వీట్లు మానేసి, రాత్రి రెండు పుల్కాలతో సరిపెట్టుకుంటే ఫాస్టింగ్ షుగర్ కాస్త బాగానే కనిపించొచ్చు. హెచ్‌బీఏ1సీ దగ్గర మాత్రం ఆ పప్పులుడకవు. రెండు మూడు నెలల లెక్కంతా అందులో బయటపడుతుంది.

నదులకూ ఇలాంటి పరీక్షలు రెండున్నాయి. వార్తల్లో తరచూ కనిపించే బీఓడీ ఫాస్టింగ్ షుగర్ లాంటిది. నీటిలోని మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో అది చెబుతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు స్నానానికి పనికిరాదని ప్రమాణం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2022లో దేశవ్యాప్తంగా 311 నదీ భాగాలు కలుషితమయ్యాయని తేల్చింది ఈ కొలతతోనే. మన మూసీ ఇలాంటి జాబితాల్లో ఏళ్లుగా ఉంది.

ఈ పరీక్షలో తప్పేమీ లేదు. కానీ సీసాలో పట్టిన నీరు ఆ క్షణం సంగతే చెబుతుంది. అర్ధరాత్రి ఓ ట్యాంకరు రసాయనాలు వదిలి వెళ్లిందనుకోండి. పొద్దున పదింటికి నమూనా తీసేసరికి ఆ నీరు దిగువకు పోయి ఉంటుంది. అడుగున రాళ్లకు, బురదకు అతుక్కుని వారాలు, నెలలు గడిపే పురుగులు అలా తప్పించుకోలేవు. అందుకే వాటిని లెక్కపెడతారు.

మే ఫ్లై, స్టోన్ ఫ్లై, క్యాడిస్ ఫ్లై అనే కీటకాల పిల్లలకు ఆక్సిజన్ బాగా ఉన్న పారే నీరు కావాలి. అది తగ్గితే ముందుగా మాయమయ్యేవి ఇవే. తూనీగ పిల్లలు, నత్తలు కొంత మురికిని ఓర్చుకుంటాయి. చివరికి మిగిలేవి ఎర్రటి పురుగులు. వీటిని మీరు చూసే ఉంటారు. అక్వేరియం దుకాణాల్లో చేపల మేతగా అమ్మే బ్లడ్ వార్మ్స్, ట్యూబిఫెక్స్ ఈ కోవవే. మన రక్తంలో ఉన్నట్టే వాటిలోనూ హిమోగ్లోబిన్ ఉంటుంది. కాబట్టి ఆక్సిజన్ దాదాపు లేని బురదలోనూ అవి బతుకుతాయి. ఎక్కడైనా ఇవి తప్ప ఇంకేమీ దొరకలేదంటే, అక్కడ మురుగు ఎప్పటినుంచో తిష్ఠ వేసిందని అర్థం.

కష్టమైన పరీక్ష కూడా కాదు. ఒక వల, ఒక తెల్లటి ట్రే, పురుగుల్ని గుర్తుపట్టే మనిషి ఉంటే చాలు. దొరికిన ఒక్కో కుటుంబానికి 10 వరకు మార్కులు వేసి సగటు తీస్తారు, ఎన్ని రకాలున్నాయో కూడా చూస్తారు. యూరప్ దేశాలు 2000లో తెచ్చిన నీటి చట్టంలో జీవుల లెక్కకు పెద్దపీట వేశాయి. మన కేంద్ర మండలి దగ్గరా ఈ పద్ధతి ఉంది. శుభ్రమైన నీటికి నీలం, తీవ్ర కాలుష్యానికి ఎరుపు అంటూ ఐదు తరగతులు పెట్టింది. అయినా కలుషిత నదుల జాబితా మాత్రం బీఓడీ మీదే నడుస్తోంది.

మూసీ ప్రక్షాళన గురించి ఇంత చర్చ నడుస్తున్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. నగరం దాటాక ఆ నీటితోనే పశుగ్రాసం, ఆకుకూరలు పండుతున్నాయి. ఆ గడ్డి తిన్న పశువుల పాలూ ఎవరో ఒకరి ఇంటికి చేరేవే. ఒడ్డున నడకదారులు, దీపాలు రావడం మంచిదే. నీరు బాగుపడిందో లేదో అవి చెప్పవు. పనులకు ముందు ఒకసారి, ఆ తర్వాత ఏటా అడుగు పురుగుల లెక్క తీసి జనం ముందు పెట్టాలి. మూసీ పుట్టే అనంతగిరి కొండవాగుతో నగరంలోని మూసీని పోల్చడం న్యాయం కాదు. అలాంటి నేల, అలాంటి ప్రవాహమున్న మరో మంచి నదితోనే పోల్చాలి.

పురుగులు చెప్పలేనివీ ఉన్నాయి. హైదరాబాద్ శివారు పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది ఎక్కువ. అలాంటి చోట మందులకు లొంగని బ్యాక్టీరియా పెరిగే ముప్పు ఉంటుంది. దాన్ని పట్టడానికి ప్రయోగశాల కావాల్సిందే.

సెలవుల్లో పిల్లలతో ఏ కొండవాగుకో వెళ్తే, లోతులేని చోట ఓ రాయి తిప్పి చూపించండి. చివర మూడు సన్నటి తోకలతో, పక్కల మొప్పలు ఆడిస్తూ చిన్న పురుగు కనిపిస్తే అది మే ఫ్లై పిల్ల కావొచ్చు. రాయిని మళ్లీ అలాగే పెట్టేయండి. పురుగుంది కదా అని ఆ నీళ్లు మాత్రం తాగొద్దు. విరేచనాలు, టైఫాయిడ్ తెచ్చే క్రిములు అలాంటి వాగులోనూ ఉండొచ్చు. మురుగు కాలువల దగ్గర ఈ ప్రయోగం అసలు వద్దు.