బొమ్మ మీద అంకెలు

మొన్న మా ఆవిడ కాఫీ తెచ్చి నా బల్ల మీద పెడుతూ, కంప్యూటరులో నడుస్తున్న బొమ్మకేసి చూసి, "అదేమిటండీ, ఆ పిల్ల గడ్డం కింద టాక్సీ మీటరులాగా తిరుగుతున్నది?" అన్నది.

డబ్బింగు చిత్రాలకు మాటలు వ్రాసుకునేవాణ్ణి. సినిమా విడుదల కాకముందే నా దగ్గరకు వస్తుంది గాని, శుభ్రంగా రాదు. ఆ మీటరు దాని మీద వుండి తీరుతుంది. గంటలు, నిమిషాలు, సెకన్లు, చిట్టచివర ఫ్రేములు. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు కనుక ఆఖరి జత 23 దాకా పోయి మళ్ళీ సున్నకు వస్తుంది. మూడో రీలు 03 తో మొదలవుతుంది. అంటే మూడు గంటలు గడిచాయని కాదు, అది రీలు గుర్తు.

ఇక అడ్డంగా, పల్చగా, నా పేరు. కాపీ బయటికి పొక్కితే యెవరిని పట్టుకోవాలో తెలియటానికి. "పోనీలెండి, మీ పేరు తెర మీద యింత పెద్దదిగా యెవరూ వెయ్యలేదు యిన్నాళ్ళూ" అన్నది మా ఆవిడ.

ఫిలిం రోజుల్లో యీ అంకెలు నెగెటివు అంచునే అచ్చయి వచ్చేవి, అడుగుకొకటి చొప్పున. 35 మిల్లీమీటర్ల ఫిలింలో అడుగుకు 16 బొమ్మలు. వీడియోకు అలాంటి అంచు లేదు. అందుచేత ప్రతి ఫ్రేముకూ వొక కాలసంఖ్య యివ్వటం 1970లలో ప్రమాణంగా స్థిరపడింది. ఎడిటరు కావాలన్నప్పుడు దాన్ని బొమ్మ మీదికి తెస్తాడు. డావించీ రిజాల్వ్‌లో 'డేటా బర్న్-ఇన్' అనే పేటికలో టిక్కు పెడితే చాలు. అసలు క్లిప్పుకేమీ కాదు. బయటికి తీసిన కాపీ మీదే పడుతుంది.

అయితే టిక్కు పెట్టవలసినవి రెండున్నాయి. వొకటి కెమెరాలో పుట్టిన సంఖ్య. అది జాతకంలాంటిది, మారదు. రెండోది కూర్పులో ఆ ముక్క కూర్చున్న చోటు. అది రైల్లో సీటు. ముందు పెట్టె వొకటి తగ్గించారంటే వెనకవాళ్ళంతా జరుగుతారు.

యిది నాకు 2022లో తెలిసివచ్చింది. వొక మలయాళ చిత్రం. నాకు పంపిన కాపీ మీద వొక్క అంకే వున్నది, కూర్పుది. ప్రతి మాట పక్కనా ఆ అంకె వేసి వ్రాసి పంపాను. యీలోగా ఎడిటరు మూడో రీలు మొదట్లో 18 ఫ్రేములు కత్తిరించాడు. ముప్పాతిక సెకను. యెవరికి చెప్పాలనిపిస్తుంది!

డబ్బింగులో మూడు సార్లు 'బీప్' మంటుంది. నాలుగోది మోగవలసిన చోట మాట యెత్తుకోవాలి. ఆ మోతలు నా అంకెలను బట్టే పెట్టారు. తల్లి వేషానికి మాట యివ్వటానికి వచ్చినావిడ పెద్దావిడ. ముప్పయ్యేళ్ళుగా యిదే పని. యెత్తుకునేసరికి తెర మీద పెదవులు అప్పటికే కదులుతున్నాయి. "ఆలస్యమవుతున్నదమ్మా" అన్నారు అద్దం అవతలినుంచి. మళ్ళీ. మళ్ళీ. ప, బ, మ లకు పెదవులు కలవాలని నేను యేరుకుని వ్రాసిన మాటలన్నీ తెరిచిన నోళ్ళ మీద పడ్డాయి. "కళ్ళు ఆనటం లేదేమో బాబూ, క్షమించండి" అంటూ ఆవిడ నీళ్ళు తాగి మళ్ళీ నుంచున్నది. పూట గడిచిపోయింది.

రాత్రి కొత్త కాపీ తెప్పించి పక్కపక్కన పెడితే గాని సంగతి తెలియలేదు. కెమెరా సంఖ్య కూడా బొమ్మ మీద వుండి వుంటే, అది కదలక కూర్పు సంఖ్య మాత్రం 18 తగ్గటం నిమిషంలో కనిపించేది.

యిప్పుడు నేను రెండూ అడుగుతున్నాను. కూర్పు యెన్నోదో, తేదీ యేదో కూడా వెయ్యమంటున్నాను. పైగా, అవన్నీ పైమూలల్లో. దగ్గరి షాటులో మీటరు పెదవుల మీద తిరుగుతుంటే నేను చూసేది యేమిటి? మా ఆవిడ చూసిన కాపీలో యింకా గడ్డం కిందే వున్నది; మళ్ళీ వ్రాయాలి.

పది రోజులకు ఆవిడ మిగిలిన రీళ్ళకు వచ్చింది. మేమెవరమూ ఆమెకు అసలు సంగతి చెప్పలేదు. రేపు చెబుదామంటే రేపనుకున్నాము. అంకెలు సరిచేశారు, మొదటిసారికే మాట కుదిరింది. ఆవిడ బయటికి వచ్చి, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "కొత్తది చేయించాను బాబూ. మంచి పని చేశాను కదూ?" అన్నది.