పిల్లకు వేరే పళ్లెం ఎందుకు?

పోయినేడు సద్దుల బతుకమ్మ నాడు హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మలను నీళ్లలో వదిలి, ఓ పక్కన కూర్చుని సద్దులు పంచుకుంటున్నాం. మా పక్కింటి పెద్దమ్మ స్టీలు డబ్బా మూత తీసి మలీద ముద్ద ఒకటి మా పాప చేతిలో పెట్టబోయింది. ఎనిమిదేళ్ల పిల్ల రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "తీసుకో బిడ్డా, అమ్మవారి ప్రసాదం. వద్దనొద్దు" అందామె. పాప నా మొహం చూసింది. నేను నోరు తెరిచేలోపే "కడుపు నొస్తుంది పెద్దమ్మా" అని ఉత్త అబద్ధం ఒకటి చెప్పి లేచి వెళ్లిపోయింది.

మలీద చేసేది గోధుమ రొట్టెతో. మా పాపకు సీలియాక్ జబ్బు. రెండేళ్ల కింద తేలింది. అప్పట్నుంచీ మా ఇంట్లో పాపకు ఏది పెట్టకూడదో అందరికీ నోటికొచ్చు. పండగ పూట నలుగురిలో కూర్చున్నప్పుడు ఆమె చేతిలో ఏం పెట్టాలన్నది మాత్రం నాతో సహా ఎవరమూ ఆలోచించలేదు. అబద్ధం చెప్పినందుకు పిల్లను కోప్పడబోయి ఆగిపోయాను. ఆ అబద్ధం నేర్పింది మేమే కదా.

ఈ జబ్బు సంగతి తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. గోధుమ, బార్లీ, రై గింజల్లో గ్లూటెన్ అనే ప్రొటీన్ ఉంటుంది. చపాతీ పిండి సాగేది దాని వల్లే. సీలియాక్ ఉన్నవాళ్లు దాన్ని తింటే ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత చిన్నపేగు మీదే దాడికి దిగుతుంది. ఆహారంలోని సారాన్ని పీల్చుకోవడానికి పేగు లోపల సన్నని వేళ్లలాంటి పొర ఉంటుంది. అది అరిగి చదునైపోతుంది. ఇక ఎంత తిన్నా ఒంటబట్టదు. అరగకపోవడం వేరు, ఇది వేరు. వాము నీళ్లతో పోయేది కాదు.

దీనికి గోధుమే కారణమని గట్టిగా చెప్పింది నెదర్లాండ్స్‌కు చెందిన పిల్లల డాక్టర్ విల్లెం డికే. ఆయనకు ముందు నుంచీ అనుమానం ఉంది. 1944-45 చలికాలంలో, యుద్ధం మధ్య ఆ దేశంలో కరువొచ్చి రొట్టె దొరకనప్పుడు ఈ పిల్లలు బాగుపడ్డారు. మళ్లీ రొట్టె దొరకగానే మళ్లీ జబ్బు పడ్డారు. దేశమంతా ఆకలితో అలమటిస్తుంటే వీళ్లు మాత్రం కోలుకున్నారన్నమాట. 1950లో ఆయన తన పరిశోధన గ్రంథంలో ఈ విషయం రాశాడు.

"మనం అన్నం తినేవాళ్లం, మనకెందుకొస్తుంది?" అని మీరనుకోవచ్చు. నేనూ అదే అనుకున్నాను. 2016లో అచ్చయిన ఒక అధ్యయనంలో దేశంలోని మూడు ప్రాంతాల్లో ఇరవై మూడు వేల మందికి పైగా పెద్దవాళ్లను పరీక్షిస్తే ఉత్తరాదిలో 1.23 శాతం మందికి, దక్షిణాదిలో 0.10 శాతం మందికి ఈ జబ్బు కనిపించింది. అంటే మన దగ్గర వెయ్యికి ఒకరు. తక్కువే. తక్కువ కాబట్టే ఇక్కడ ఎవరికీ ముందుగా ఇది తట్టదు. మా పాపకు రక్తం తక్కువుందని రెండేళ్లు ఐరన్ టానిక్ తాగించారు. పొట్ట ఉబ్బరం, మాటిమాటికీ విరేచనాలు, తోటి పిల్లలకంటే జానెడు పొట్టి. చపాతీ తింటే బలమొస్తుందని రోజూ రాత్రి రెండు పెట్టాను. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

మీ పిల్లల్లో ఈ లక్షణాలు ఉంటే, ఐరన్ మందు వాడినా రక్తం పెరగకపోతే, పిల్లల డాక్టర్ని టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్ష గురించి అడగండి. అందులో తేడా కనిపిస్తే చాలామందికి ఎండోస్కోపీ చేసి చిన్నపేగు నుంచి ముక్క తీసి చూస్తారు. టైప్-1 డయాబెటిస్ ఉన్న పిల్లల్లో, సీలియాక్ ఉన్నవారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఒక్కటి మాత్రం మరవకండి. పరీక్షకు ముందే గోధుమ మానిపించొద్దు. మానేస్తే పేగు కోలుకోవడం మొదలవుతుంది, రక్తంలో ఆనవాళ్లు తగ్గిపోతాయి, ఉన్న జబ్బు లేనట్టు చూపిస్తుంది.

ఇంకో మాట కూడా నిర్మొహమాటంగా చెప్పాలి. ఏ జబ్బూ లేకుండా, ఎవరో వీడియోలో చెప్పారని ఇంటిల్లిపాదీ గ్లూటెన్ మానేయడం నాకు నచ్చదు. దాని వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. ఆ పేరుతో అమ్మే ప్యాకెట్లలో చాలావాటిలో ఉండేది పిండిపదార్థం, చక్కెర. ధర చూస్తే మామూలు బిస్కెట్లకు కొన్ని రెట్లు. పైగా నిజంగా జబ్బున్న పిల్లలకు ఈ ఫ్యాషన్ ఒక చేటు చేసింది. "గ్లూటెన్ పడదు" అంటే చుట్టాలు "ఆ, డైటింగా?" అని నవ్వేస్తారు. ఆ వెంటనే "ఒక్క ముక్కకు ఏం కాదులే" అంటారు.

ఒక్క ముక్కతో ఏమవుతుందో లెక్క చెబుతాను. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలల పాటు ఇస్తేనే ఈ జబ్బున్నవాళ్ల పేగు దెబ్బతిన్నదని పరిశోధనలో తేలింది. గోధుమ పిండిలో సుమారు పదో వంతు గ్లూటెనే. అంటే అర గ్రాము పిండి, మీ వేళ్ల మధ్య నిలిచేంత చిటికెడు. మన దేశంలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం "గ్లూటెన్ ఫ్రీ" అని రాయాలంటే కిలో పదార్థంలో 20 మిల్లీగ్రాములు మించకూడదు. మలీద ముద్ద సంగతి ఇక చెప్పక్కర్లేదు.

అయితే నా గొడవ ఆ ముద్ద మీద కాదు, మేం చేస్తూ వచ్చిన ఏర్పాటు మీద. ఎక్కడికెళ్లినా పాపకు వేరే డబ్బా. పుట్టినరోజు పార్టీలో అందరూ కేక్ తింటుంటే ఆమె ఓ మూల డబ్బా మూత తీసుకుని కూర్చునేది. పేగును కాపాడామనుకున్నాం. పిల్ల మాత్రం పార్టీలకు వెళ్లడమే మానేసింది. డబ్బా పెట్టడం తప్పని అనను, బయటికి వెళ్తే అది తప్పదు. కానీ మన ఇంట్లో, మన చేతుల్లో ఉన్న పండగలో కూడా ఆ డబ్బా ఎందుకు? అందరూ తినేదాన్నే ఆమె తినగలిగేదిగా చేయొచ్చు కదా.

"ఒక్కరి కోసం అందరం మారాలా?" అని మా ఇంట్లోనే అడిగారు. లెక్క వేసి చూస్తే మారాల్సింది చాలా తక్కువ. మన తెలంగాణ పండగ వంటల్లో సగానికి పైగా మొదటి నుంచీ గోధుమ లేనివే. సకినాలు బియ్యప్పిండివి. గారెలు మినప్పప్పువి. సర్వపిండి బియ్యప్పిండి, పల్లీలు, శనగపప్పు. అరిసెలు, నువ్వుల లడ్డూలు, పల్లీ పట్టీ, పెరుగు సద్ది, నువ్వుల సద్ది అన్నీ సరే. పులిహోర కూడా సరే, ఇంగువ ఒక్కటి చూసుకోవాలి. డబ్బాలో అమ్మే ఇంగువలో చాలావాటికి గోధుమ పిండో మైదానో కలుపుతారు. వెనకాల చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. ఆపాల్సినవి గరిజెలు, భక్ష్యాలు, రవ్వ లడ్డు, సేమియా. మలీద కూడా సజ్జ రొట్టెలతో చేసే ఇళ్లు మన దగ్గర ఇప్పటికీ ఉన్నాయి.

మరి పిల్లలకు కావాల్సింది సద్దులేనా? కాదు, ఐస్‌క్రీమ్. అది కూడా బిస్కెట్ల మధ్య పెట్టి అమ్మే శాండ్‌విచ్. మా అపార్ట్‌మెంట్ పిల్లలంతా దసరా సెలవుల్లో దాని మీదే పడతారు. దుకాణంలో దొరికేదాని బిస్కెట్ మైదా. అందుకే పద్మాక్షి గుట్ట నుంచి వచ్చిన మూడో రోజు ఆరుగురు పిల్లల్ని మా వంటింట్లోకి పిలిచాను. అది పాప కోసమని ఎవరికీ చెప్పలేదు. ఐస్‌క్రీమ్ బిస్కెట్లు చేద్దాం రమ్మన్నానంతే.

పిండి దగ్గరే అసలు జాగ్రత్త ఉంది. జొన్నలో గ్లూటెన్ లేదు, నిజమే. కానీ గిర్నీలో మీకంటే ముందు ఎవరో గోధుమలు పట్టించి ఉంటే, ఆ పిండి మీ జొన్నపిండిలో కలిసే వస్తుంది. అందుకే జొన్నలు కడిగి ఆరబెట్టి ఇంట్లోనే మిక్సీలో పట్టాను. జల్లెడ కొత్తది కొన్నాను, పాత జల్లెడ కన్నాల్లో గోధుమ పిండి దాక్కుంటుంది. చపాతీ పీట, కర్ర కూడా అంతే, చెక్క పిండిని పీల్చుకుంటుంది. బ్రెడ్‌కు రాసుకునే వెన్న ప్యాకెట్‌లో కత్తితో పాటు బ్రెడ్ పొడి చేరుతుంది కాబట్టి అది కూడా కొత్తదే తెరవాలి. ఆ రోజు ఇంట్లో చపాతీ పిండి కలపలేదు.

కొలతలు ఇవి. జొన్నపిండి 100 గ్రాములు, బియ్యప్పిండి 50, బెల్లం పొడి 90, వెన్న 90, వంట సోడా పావు చెంచా, చిటికెడు ఉప్పు, నాలుగు యాలకులు. గ్లూటెన్ లేని పిండికి పట్టు ఉండదు, విరిగిపోతుంది. అందుకని ఒక పెద్ద చెంచా అవిసె గింజల పొడిని మూడు పెద్ద చెంచాల నీళ్లలో పది నిమిషాలు నానబెడితే జిగురుగా అవుతుంది. పట్టు దానితో వస్తుంది. ముందు వెన్న, బెల్లం గిలక్కొట్టి, అవిసె జిగురు వేసి, ఆఖర్న పిండ్లు కలపాలి. గిలక్కొట్టే పని ఇద్దరు మగపిల్లలకిచ్చాను. చేతులు నొప్పులంటూ వంతులేసుకున్నారు.

కలిపిన ముద్దను కనీసం అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. పిల్లలు ఆగరు, అయినా ఉంచండి. బియ్యప్పిండి తడిని పీల్చుకోకపోతే బిస్కెట్ ఇసుక నమిలినట్టుంటుంది. మొదటిసారి నాకు అదే జరిగింది. తర్వాత రెండు బటర్ పేపర్ల మధ్య ముద్ద పెట్టి స్టీలు గ్లాసుతో అర సెంటీమీటరు మందాన ఒత్తి, అదే గ్లాసు అంచుతో గుండ్రంగా కోయాలి. ఇరవై దాకా వస్తాయి. ఒవెన్‌లో అయితే 170 డిగ్రీల దగ్గర పన్నెండు నిమిషాలు. ఒవెన్ లేనివాళ్లు మందపాటి గిన్నెలో ఉప్పు పోసి, స్టాండు పెట్టి, మూతేసి పది నిమిషాలు వేడెక్కించి, సన్న సెగ మీద పదిహేను, పద్దెనిమిది నిమిషాలు ఉంచితే చాలు. వేడిగా ఉన్నప్పుడు ముట్టుకుంటే ముక్కలవుతాయి. పొయ్యి దగ్గర పని మాత్రం పెద్దవాళ్లదే.

బెల్లమే ఎందుకంటే, ఫ్రీజర్‌లో పెట్టాక చక్కెర బిస్కెట్ రాయిలా అవుతుంది. బెల్లం తేమను పట్టి ఉంచి కొంచెం మెత్తగా ఉంచుతుంది. అంతే తప్ప బెల్లం వేశాం కాబట్టి ఆరోగ్యమని మురిసిపోకండి. తీపి తీపే, పండగకు ఒకటి చాలు.

ఐస్‌క్రీమ్ సాదా వెనిలా మంచిది. బిస్కెట్ ముక్కలు, బ్రౌనీ, మాల్ట్ ఉన్న రుచులు వద్దు. పార్లర్‌లో స్కూపు కూడా వద్దు, అన్ని డబ్బాల్లోనూ ఒకే చెంచా తిరుగుతుంది. సీల్ వేసిన డబ్బా కొని, గోధుమ గురించి ఏం రాశారో చదవండి. చదివేటప్పుడు అది ఐస్‌క్రీమో, పాల కొవ్వు బదులు వంటనూనె కొవ్వుతో చేసే ఫ్రోజెన్ డెజర్టో కూడా తెలిసిపోతుంది. జబ్బు కొత్తగా తేలిన పిల్లలైతే కొన్నాళ్లు ఐస్‌క్రీమ్ ఆపి డాక్టర్ని అడగండి. పేగు దెబ్బతిని ఉన్నప్పుడు పాలలోని చక్కెర కూడా అరగదు. పేగు మానాక చాలామందికి అది సర్దుకుంటుంది. మా పాపకూ సర్దుకుంది.

పది నిమిషాలు బయట ఉంచి మెత్తబడ్డ ఐస్‌క్రీమ్‌ను రెండు బిస్కెట్ల మధ్య పెట్టి, అంచులను వేయించిన నువ్వుల్లో దొర్లించి నాలుగు గంటలు ఫ్రీజర్‌లో పెట్టాం. దొర్లించే పనికి మా పాపే మేస్త్రి. సాయంత్రం పది శాండ్‌విచ్‌లు తీస్తే ఆరుగురికి తలొకటి, పెద్దవాళ్లకు నాలుగు. అందరివీ ఒకే పళ్లెంలోంచి. నేను చూస్తున్నది రుచి కాదు, పాప ఎక్కడ కూర్చుంటుందా అని. మధ్యలో కూర్చుంది. మూడో అంతస్తు పిల్లాడు "ఇందులో మైదా ఉందా ఆంటీ?" అని అడిగితే, నాకంటే ముందు ఆమే "లేదురా, జొన్నలు" అంది. ఎందుకు లేదో కూడా ఆమే వాడికి చెప్పింది. కడుపునొప్పి కథ చెప్పలేదు.

ఈ ఏడు బతుకమ్మకు ఇంకా వారం ఉందనగా పక్కింటి పెద్దమ్మ తలుపు కొట్టింది. పోయినసారి సంగతి ఎవరు చెప్పారో తెలియదు. చేతిలో సజ్జల సంచి, ఇంగువ డబ్బా. సజ్జలు మా మిక్సీలో పట్టుకోవచ్చా అని అడిగి, డబ్బా తిప్పి నా కళ్ల ముందు పెట్టింది. "నాకు ఈ చిన్నక్షరాలు కనబడవు. ఇందులో గోధుమలున్నయో లేదో నువ్వే చదివి చెప్పు బిడ్డా."