వినేవారెవరు?

తెల్లాపూర్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోని గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఇంట్లో చెప్పుకోలేని దుఃఖాన్ని అక్కడి పిల్లలెందరో సామాజిక మాధ్యమాల్లో రాసుకుంటున్నారు. పెద్దలకు తెలిసిన మందు ఒక్కటే: ఖాతా మూసెయ్యి. ఆడపిల్లలకైతే ఆ మాట మరింత గట్టిగా చెబుతున్నారు.

ఆ భయం ఊరికే పుట్టలేదు. 2021 జూలైలో ‘సుల్లీ డీల్స్’, 2022 జనవరి 1న ‘బుల్లీ బాయి’ అనే యాప్‌లు ముస్లిం స్త్రీల ఫొటోలను దొంగిలించి, వారిని వేలానికి పెట్టినట్లు ప్రదర్శించాయి. 2016లో జేఎన్‌యూ నుంచి అదృశ్యమైన నజీబ్ తల్లి ఫాతిమా నఫీస్‌ను సైతం రెండవ యాప్ వదలలేదు. కొడుకు కోసం తిరుగుతున్న తల్లి ఆమె! అరెస్టయినవారిలో ఇంజనీరింగ్ విద్యార్థులుండటం మరింత కలవరపరిచే విషయం. నేరం దొంగది, శిక్ష ఫొటో పెట్టిన పిల్లకా?

మనసులోని మాట బయటపెట్టడం బలహీనత అనుకోవడం పొరపాటు. 1986లో అమెరికా పరిశోధకులు పెన్నెబేకర్, బీల్ తమ అధ్యయనంలో కళాశాల విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించారు. తమకు తగిలిన గాయాన్నీ దానివల్ల కలిగిన వేదననూ కలిపి రాసినవారు తరువాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. అయితే ఆ రాతల కింద ఎవరూ వ్యాఖ్యలు పెట్టలేదు. ఫోన్‌లో రాసుకునే ముస్లిం విద్యార్థికి ఆ రక్షణ లేదు. ఓదార్పు కంటే ముందే మతం పేరుతో తిట్టు రావచ్చు.

మరి నేరుగా అధికారులకే చెప్పుకుంటే? 2015 డిసెంబరులో రోహిత్ వేముల ఇదే హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఉపకులపతికి లేఖ రాశాడు. ఆ లేఖ ఆయనను కాపాడలేదు. 2016 జనవరి 17న ఆయన మరణించిన తరువాత, చివరి లేఖను మాత్రం దేశమంతా చదివింది.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న మార్గదర్శకాలిచ్చింది. 100 మందికి తగ్గకుండా విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ లేదా మనస్తత్వ నిపుణుడు ఉండాలన్నది. ఉత్తర్వుకూ అమలుకూ మధ్య దూరమెంతో, దస్త్రాల నడుమ ఉద్యోగకాలం గడిపిన నాకు తెలుసు. కనుక తల్లిదండ్రులు లిఖితపూర్వకంగా అడగాలి: కౌన్సెలర్‌ను నియమించారా? ఉర్దూ, తెలుగు వచ్చా? పిల్లలు చెప్పుకున్నది గోప్యంగా ఉంటుందా? కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సమాచార హక్కు దరఖాస్తు రుసుము 10 రూపాయలే. సమాధానం వచ్చేలోగా ఏ బిడ్డకైనా ఆసరా కావలసివస్తే, ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 రాత్రింబవళ్లు ఉచితంగా పనిచేస్తుంది.